చేతిపని, ఇంటి మొక్క, పంచిన ముద్ద

"సాదాగా బతకాలి" అనే మాట ఈ మధ్య చాలామంది నోట వినబడుతోంది. ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకోవడం, కావలసినవి చేత్తో చేసుకోవడం అందుకు మెట్లని చెబుతున్నారు. మంచి మాటే. కాని మెట్టు అన్నాక అది మనల్ని ఎక్కడికో తీసుకుపోవాలి. మెట్టు మీదే కూర్చుని ఇల్లు చేరాననుకునేవాడు ఎప్పటికీ ఇల్లు చేరడు. ఈ మెట్లు ఎక్కడికి తీసుకుపోవాలి? రోజంతా చాకిరీ చేసి అలిసిపోయిన మనిషికి ఇవి అందుతాయా? ఎక్కినవాడి వల్ల పక్కవాడికి ఒరిగేదేమిటి? సూరత్‌లో మన తెలుగువాళ్ల బతుకును ఎదురుగా పెట్టుకుని, గురువుల జీవితం వెలుగులో ఈ మూడు ప్రశ్నలను ఆలోచిద్దాం.

కర్తార్‌పూర్ పొలం

గురు నానక్ దేవ్ జీ ఎన్నో ఏళ్లు దేశదేశాలు తిరిగారు. సాధువులతో, పండితులతో, పీర్లతో మాట్లాడారు. ఇల్లు వదిలి, ఒళ్లంతా బూడిద పూసుకుని, ఆకలైతే అదే సంసారుల గుమ్మంలో బిచ్చానికి నిలబడేవారిని చూశారు. అంతా చూసి వచ్చాక ఆయన ఏ గుహలోనూ కూర్చోలేదు. రావి నది ఒడ్డున కర్తార్‌పూర్‌లో సంసారంతో స్థిరపడ్డారు. 1539లో పరమజ్యోతిలో కలిసేదాకా, దాదాపు 18 ఏళ్లు, అక్కడే సేద్యం చేశారు. తెల్లవారకముందే నామస్మరణ, పగలు పొలం పని, సాయంత్రం మళ్లీ సంగత్‌తో కీర్తన. పండిన గింజ లంగర్‌కు చేరేది. దున్నినవాడూ, దారిన పోయేవాడూ ఒకే వరుసలో కూర్చుని తినేవారు.

ఈ జీవితం నుంచే సిక్కు ధర్మానికి మూడు మూలసూత్రాలు వచ్చాయి. కిరత్: నిజాయితీగా కష్టపడి సంపాదించడం. నామ్ జప్‌నా: ఆ కష్టంలో ఉండగానే కర్తను తలుచుకోవడం. వంద్ ఛక్‌నా: వచ్చింది పంచుకుని తినడం. ఈ మూడూ ఒకే తాడులోని మూడు పేటలు. ఒక పేట లాగేస్తే మిగతా రెండూ వదులైపోతాయి. నామం లేని కష్టం మనిషిని ఎద్దును చేస్తుంది. కష్టం లేని నామం మనిషిని ఇతరుల మీద బరువుగా మారుస్తుంది. పంచుకోవడం లేకపోతే ఆ రెండూ కలిసి గర్వంగా పేరుకుంటాయి.

తాడు అంటే రెండో గురువు గుర్తుకు వస్తారు. గురు అంగద్ దేవ్ జీ ఖడూర్ సాహిబ్‌లో ముంజగడ్డితో మంచాల నులక పేనేవారనీ, ఆ సంపాదనతోనే తన పొట్ట పోసుకునేవారనీ సిక్కు సంప్రదాయం చెబుతుంది. అక్కడ లంగర్ నడిచేది. మాతా ఖీవీ జీ స్వయంగా వడ్డించేవారు. వేలమంది తలవంచే గురువు తన ముద్దను తన చేత్తో సంపాదించుకునేవారు. మన ఊళ్లలో తాతలు అరుగు మీద కూర్చుని, తొడ మీద నార వేసి నులక పేనుతుంటే చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పనిని తక్కువ పని అనుకునేవాళ్లు గురు అంగద్ దేవ్ జీ చేతులను ఒక్కసారి తలుచుకోవాలి.

శ్రీ గురు గ్రంథ్ సాహిబ్ ముందు మనం నుదురు నేలకు ఆన్చి నమస్కరిస్తాం. అందులో గురువుల బాణితో పాటు కాశీ నేతగాడు కబీర్ జీ బాణి ఉంది. బట్టలకు అద్దకం వేసే కులంలో పుట్టిన నామ్‌దేవ్ జీ, తోలుపని చేసుకున్న రవిదాస్ జీ, క్షవరవృత్తి చేసిన సైన్ జీ, నేల దున్నిన ధన్నా జీ బాణి ఉంది. రాజు వచ్చినా, సేఠ్ వచ్చినా ఈ చేతివృత్తులవారి మాట ముందు తలవంచవలసిందే. 1699 వైశాఖి నాడు గురు గోబింద్ సింగ్ జీ తల అడిగినప్పుడు లేచి నిలబడిన పంచ ప్యారేలలో ఒకరు ఈ గుజరాత్ గడ్డ మీది ద్వారక నుంచి వచ్చిన మొహ్‌కమ్ చంద్. బట్టల మీద అద్దకం వేసే ఇంటివాడు. ఇంకొకరు మన తెలంగాణకు ఆనుకుని ఉన్న బీదర్ నుంచి వచ్చిన సాహిబ్ చంద్. క్షవరవృత్తి చేసే ఇంటివాడు. ఇద్దరూ అమృతం తాగి భాయీ మొహ్‌కమ్ సింగ్, భాయీ సాహిబ్ సింగ్ అయ్యారు. ఖాల్సా పునాదిలో గుజరాత్ చేయీ ఉంది, దక్కన్ చేయీ ఉంది.

సూరత్‌లో తెలుగు చేయి

ఇప్పుడు సూరత్ సంగతి చూద్దాం. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి పద్మశాలీలు, వాళ్ల వెంట ఇంకా ఎందరో తెలుగువాళ్లు కొన్ని తరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. లింబాయత్ సందుల్లో తెలుగు మాట వినబడుతుంది. పిల్లల కోసం సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. తాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నాడె విసిరాడు. నాయనమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టింది. మనవడు మరమగ్గాల మధ్య నిలబడి పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నాడు. ఆ చప్పుడులో పక్కవాడు పిలిచినా వినబడదు. ఇంట్లో ఆడవాళ్లు చీరలు మడత పెట్టడం, దారాలు కత్తిరించడం, రాళ్లు అంటించడం వంటి పనులు తెచ్చుకుని, ఒక్కో చీరకు ఇంత అని లెక్కన చేస్తారు.

చేతి నిండా పని ఉంది. కాని ఆ చేత్తో చేసిందేదీ మనది కాదు. రోజూ వందల మీటర్ల బట్ట కళ్ల ముందు నుంచి పోతుంది, ఇంట్లో దుప్పటి వాయిదాల మీద కొనవలసి వస్తుంది. ఊళ్లో బట్టల కొట్టులో "సూరత్ చీర" అని చవకగా అమ్ముతారు. ఆ చవకదనం ఎవరి రెక్కల నుంచి వచ్చిందో కొనేవారికి తెలియదు. దీనికి తోడు ఊరి మర్యాదలు. పెళ్లి గొప్పగా చేయాలి, పండక్కి కొత్త ఫోను ఉండాలి, పక్క గదిలోవాళ్లు కొన్నది మనమూ కొనాలి. షిఫ్టులో సంపాదించింది షాపులో కరిగిపోతుంది. చాలని దానికి అప్పు. అప్పు తీర్చడానికి ఇంకో షిఫ్టు.

ఇలాంటి మనిషి దగ్గరకు వెళ్లి "అన్నా, సాదాగా బతుకు, మొక్కలు పెంచు" అంటే నవ్వుతాడు. "నేను సాదాగా బతకక ఎట్ల బతుకుతున్నానే? పది అడుగుల గదిల ఐదుగురం ఉంటున్నం" అంటాడు. ఆ మాట నిజం. కాబట్టి ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. పేదరికాన్ని పొగడడం గురుమతం కాదు. సైద్‌పూర్‌లో గురు నానక్ దేవ్ జీ వడ్రంగి భాయీ లాలో ఇంట్లో రొట్టె తిన్నారు, మలిక్ భాగో విందుకు వెళ్లలేదు. పట్టుపట్టి పిలిపించి కారణం అడిగితే, లాలో రొట్టెను ఒక చేత్తో, భాగో వంటకాన్ని ఒక చేత్తో పిండి చూపారనీ, ఒకదాని నుంచి పాలు, ఇంకోదాని నుంచి రక్తం కారాయనీ సాఖీ. లాలో పేదవాడు కాబట్టి అతని రొట్టె పవిత్రం అయిందని ఈ సాఖీకి అర్థం కాదు. అతనిది ఎవరినీ పిండని సంపాదన. మొక్కలు పెంచుకోమని చెప్పి, న్యాయమైన కూలి మాత్రం అడగవద్దని చెప్పేవాడు గురువు మాట చెప్పడం లేదు, భాగో మాట చెబుతున్నాడు. కూలి కోసం అడగండి. పిల్లల చదువు కోసం పట్టుపట్టండి. ఈ చిన్న పుస్తకం చెప్పేది ఆ పోరాటానికి బదులుగా కాదు, దానికి తోడుగా.

డుమస్ ఒడ్డున

సెలవు దొరికితే సూరత్ కుటుంబాలు డుమస్ వెళతాయి. నగరానికి నైరుతిగా దాదాపు 20 కిలోమీటర్లు. నల్లటి ఇసుక, దూరం దాకా వెనక్కి వెళ్లిపోయే సముద్రం, వేడివేడి టమాటా భజియాలు, కాల్చిన మొక్కజొన్న కంకులు. ఇంటిల్లిపాదీ కలిసి తినండి, అందులో తప్పేమీ లేదు. వాహెగురు ఇచ్చిన గాలి, వెలుగు అందరివీ.

అయితే ఆ దారి పొడుగునా, ఆ ఒడ్డునా మనసు పెట్టి చూస్తే రెండు సంగతులు కనబడతాయి. ఒకటి, తోటల మధ్య కట్టుకున్న ఫామ్‌హౌస్‌లు. పచ్చని గడ్డి, వరసగా పూలమొక్కలు. వాటికి నీళ్లు పోసేది ఇంకొకరు, కత్తిరించేది ఇంకొకరు. యజమాని వారానికోసారి వచ్చి "ఇక్కడ ఎంత ప్రశాంతం" అంటాడు. మట్టి అంటని చేతికి మట్టి నేర్పే పాఠం అందదు. రెండోది, ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాక బురదలో తేలే చెత్త. ప్లాస్టిక్ కప్పులు, సంచులు, ఒక్క సాయంత్రానికే విరిగిపోయిన పిల్లల బొమ్మలు. గాలి కోసం వెళ్లాం, గాలి ఉచితంగానే దొరికింది. కాని ఏదో ఒకటి కొంటే తప్ప వెళ్లినట్టు అనిపించలేదు. ఈ జబ్బు ఫామ్‌హౌస్‌లో ఉన్నాయనకూ ఉంది, లింబాయత్ నుంచి బస్సులో వచ్చినాయనకూ ఉంది. డబ్బులో తేడా ఉంది, తృష్ణలో లేదు. దీనికి గురువులు పెట్టిన పేరు మాయ. దానికి మందు సంతోఖ్. అంటే తృప్తి.

డుమస్ నుంచి ఇదే తీరం వెంట దక్షిణానికి వెళితే దండి వస్తుంది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ అక్కడ వంగి చారెడు ఉప్పు తీసుకున్నారు. సముద్రం అంతకు ముందూ ఉప్పు ఇస్తూనే ఉంది. ఒక సామాన్యమైన వస్తువును మన చేత్తో మనం చేసుకోగలమని జనానికి మరపు వచ్చింది. ఆ మరపు పోగొట్టడానికి ఒక చారెడు చాలింది. మన ఇంట్లో కుండీలో పెరిగే గుప్పెడు మెంతికూర కూడా అలాంటి చారెడే. అది ఇంటి కూరగాయల ఖర్చంతా తీర్చదు. "నా చేత్తో నేను పుట్టించగలను, ప్రతిదానికీ కొట్టు ముందు నిలబడనక్కరలేదు" అనే ధైర్యం ఇస్తుంది. అప్పుల ఊబిలో ఉన్నవాడికి ఆ ధైర్యం చిన్నది కాదు.

మట్టి చెప్పే గురుబోధ

ఏడో గురువు గురు హర్ రాయ్ జీ చిన్నతనంలో తోటలో నడుస్తుంటే, వెడల్పైన అంగీ తగిలి కొన్ని పూలు తెగి పడ్డాయి. ఆ పిల్లవాడు దుఃఖపడ్డాడు. తాతగారు గురు హర్‌గోబింద్ జీ చూసి, వెడల్పైన అంగీ వేసుకున్నవాడు దాన్ని దగ్గరకు పట్టుకుని నడవాలని చెప్పారు. ఆ మాటను ఆయన జీవితమంతా పాటించారు. కీరత్‌పూర్‌లో తోటలు పెంచారు, మూలికలు పెంచి ఔషధశాల నడిపారు. మొగలు యువరాజు దారా షికోకు జబ్బు చేసినప్పుడు మందు ఆ ఔషధశాల నుంచే వెళ్లిందని చరిత్ర చెప్పుకుంటుంది. ఆయన తాతను చెరలో పెట్టిన వంశం అది. తోట అది చూడలేదు. మందు అడిగినవాడికి ఇచ్చింది.

సాదా జీవితం గురించి ఇంతకంటే మంచి పాఠం లేదు. మన కోరికలే మన వెడల్పైన అంగీ. అది విచ్చలవిడిగా ఎగిరితే ఎక్కడో ఎవరి పువ్వో తెగుతుంది. దగ్గరకు పట్టుకుని నడవడమే సాదాతనం.

మట్టి మూడు సంగతులు నేర్పుతుంది. మొదటిది సబర్, ఓర్పు. మెంతులు చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక వస్తుంది. కూర కోయడానికి నెల రోజులు పడుతుంది. మన తొందర చూసి అది ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. రెండోది హుకుమ్, ఆయన ఆజ్ఞ. విత్తనం వేయడం, నీళ్లు పోయడం మన పని. మొలిపించడం మన చేతిలో లేదు. ఇది తెలిసినవాడు పంట వచ్చినా ఎగరడు, రాకపోయినా కుంగిపోడు. మూడోది కృతజ్ఞత. ఒక కట్ట పాలకూర పండించడానికి ఎంత ఓపిక కావాలో తెలిసినవాడు, బండి మీద కూరలమ్మే అవ్వతో రూపాయి కోసం గీచి గీచి బేరమాడడు. ఈ మూడోది రాకపోతే, కుండీలు ఎన్ని ఉన్నా మనం మెట్టు మీదే ఆగిపోయామని లెక్క.

స్థలం లేదు కదా అంటారు. రంగు డబ్బా, పగిలిన బకెట్, పాత టబ్బు చాలు. అడుగున నీళ్లు పోవడానికి నాలుగు చిల్లులు పెట్టాలి. లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి. సగం మట్టి, మిగతా సగంలో బాగా మాగిన పశువుల ఎరువూ కొబ్బరి పొట్టూ కలపాలి. కూరగాయల తొక్కలు, టీ పొడి ఒక మూత ఉన్న డబ్బాలో ఎండుటాకులతో పొరలు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. డుమస్ వైపు, సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఉప్పుగాలి, ఉప్పునీటి బాధ ఉంటుంది. వాళ్లు నాజూకు మొక్కల జోలికి పోకుండా పాలకూర, బచ్చలి, మునగతో మొదలుపెట్టవచ్చు. వానాకాలంలో గోంగూర, తోటకూర, సొర, బీర. చలి మొదలయ్యాక మెంతి, కొత్తిమీర, చిక్కుడు. ఈ నేల చిక్కుడుకు పుట్టిల్లు వంటిది. సూరతీ పాప్డీ లేకుండా ఇక్కడివాళ్లకు ఉంధియు లేదు. చలికాలంలో వాళ్లు ఇష్టంగా తినే పోంక్ మన ఊచబియ్యమే, లేత జొన్న గింజలే. భాష మారింది, గింజ మారలేదు. పక్కింటి గుజరాతీ బెన్‌ను విత్తనం అడగండి, మన గోంగూర విత్తనం ఆమెకు ఇవ్వండి. అక్కడితో సంగత్ మొదలవుతుంది.

చెత్తను తక్కువ చేయడం ఈ నగరానికి ఎంత అవసరమో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1994లో వరదల తర్వాత చెత్త కుళ్లి, ప్లేగు భయంతో లక్షలమంది సూరత్ వదిలి పారిపోయారు. మన కూలీలు కూడా దొరికిన రైలెక్కి ఊళ్లకు పోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఇదే నగరం శుభ్రతకు పేరు తెచ్చుకుంది. చీపుర్లు పట్టిన చేతులు లేకపోతే అది జరిగేది కాదు. మన వంటింటి తొక్కలు మన కుండీలోకి పోతే, ఆ చేతుల బరువు కొంచెం తగ్గించినవాళ్లం అవుతాం. ఇదీ సేవే.

బొంతలో ఉన్న జ్ఞానం

ఇక చేతిపని. "రోజంతా చేసేది చేతిపనే కదా, ఇంకా ఎందుకు?" అని అడుగుతారు. అమ్మడానికి చేసేది ఒకటి, ప్రేమతో చేసేది ఒకటి. మొదటిది కిరత్, గౌరవించదగ్గది. రెండోది చేసినప్పుడు మనిషి తన చేతిని తాను తిరిగి చూసుకుంటాడు.

సూరత్‌లో బట్ట ముక్కలకు కొదవ లేదు. చిందీ అని మూటలు కట్టి తూకానికి అమ్ముతారు. మన నాయనమ్మలు పాత చీరలు, ముక్కలు పేర్చి బొంత కుట్టేవారు. గుజరాతీలు దాన్నే గోదడీ అంటారు. రంగు కలవని ముక్క, చిరిగిన ముక్క, ఎవరికీ పనికిరాదని పారేసిన ముక్క కూడా ఆ కుట్టులో చేరితే చలి కాచుతుంది. పంగత్ కూడా అంతే. ఊరు వేరు, కులం వేరు, కూలి వేరు. ఒకే నేల మీద వరుసగా కూర్చోబెట్టి గురువు మనల్ని కుట్టేశారు. సూరత్‌కు ఉత్తరాన ఉన్న భరూచ్‌లో గురు నానక్ దేవ్ జీ ఒక చాదర్ పరిచి దాని మీద నర్మద దాటారని సంప్రదాయం. అక్కడి గురుద్వారా పేరే చాదర్ సాహిబ్. మనం కుట్టిన బొంత నది దాటించకపోవచ్చు. చలికాలం రాత్రి స్టేషన్ బయట పడుకున్న మనిషిని తెల్లవారుజాము దాటిస్తుంది.

చేతిపనికి తొందర పనికిరాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ సన్న ఖద్దరుకు దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఒక్కో పీచును అంత సున్నితంగా సరిచేస్తే తప్ప ఆ నూలు రాదు. అలా దువ్వుతున్న చేయికి పరుగు తెలియదు. మన చేయి కుట్టు మీద ఉన్నప్పుడు నోట వాహెగురు నామం ఉంటే, సూది దిగిన ప్రతిసారీ ఒక సిమ్రన్. పడుగు ఒకసారి కట్టి ఉంటుంది, పేక వస్తూ పోతూ ఉంటుంది. నామం పడుగులా నిలిచి ఉండాలి, పనులు పేకలా దాని మీద సాగాలి. ఇది నేతగాడికి ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

పింగళ్వాడా స్థాపించిన భగత్ పూరణ్ సింగ్ జీ (1904–1992) మన కాలంలో ఇలా బతికి చూపించారు. దిక్కులేని రోగులను భుజం మీద మోశారు. ఖద్దరు కట్టారు. చెట్లు నాటమని, వస్తువులు వృథా చేయవద్దని చిన్న పుస్తకాలు రాసి, వాడేసిన కాగితం మీదే అచ్చువేయించి పంచారు. ఆ పొదుపు రోగి మంచానికి చేరింది. సాదాతనం ఎక్కడికి తీసుకుపోవాలన్న మన మొదటి ప్రశ్నకు ఆయన జీవితమే జవాబు. మనం వదులుకున్నది ఇంకొకరికి చేరాలి.

మూడు గోతులు

ఈ దారిలో మూడు గోతులున్నాయి. చూసి నడవాలి.

మొదటిది హౌమై, నేను అనే గర్వం. "మా ఇంట్లో అంతా చేత్తో చేసిందే, మేము బజారు కూర ముట్టం" అని చెప్పుకుంటూ తిరిగితే, నగలు చూపించుకునేవారికీ మనకూ తేడా లేదు. ఖరీదైన కుండీలు, ఖరీదైన చేనేత సంచి కొని సాదాగా ఉన్నామనుకోవడం కూడా ఇదే గొయ్యి. చేనేత కొనండి, నేసినవాడికి న్యాయమైన ధర ఇవ్వండి. కాని కొన్నంత మాత్రాన సాదాతనం రాదు.

రెండోది బరువంతా ఇంటి ఆడవాళ్ల నడుం మీద వేయడం. మగవాడు "సాదాగా బతుకుదాం" అని నిర్ణయిస్తాడు. మట్టి మోసేది, నీళ్లు పోసేది, బొంత కుట్టేది, పచ్చడి పెట్టేది ఆమె. అప్పటికే మడత పెట్టవలసిన చీరలు ఆమె ముందు గుట్టగా ఉంటాయి. గురువు ఇంట్లో సేవకు ఆడామగా తేడా లేదు. కర్తార్‌పూర్‌లో నాగలి పట్టింది గురువే. తమ్ముడూ, బకెట్ నువ్వు మోయి. సూదిలో దారం నువ్వూ ఎక్కించు. లేకపోతే అది ఆమెకు ఇంకో షిఫ్టు.

మూడోది పంచకపోవడం. నా కుండీ, నా కూర, నా పొదుపు అని తలుపు వేసుకుంటే అది పిసినారితనం, దానికి సాదాతనం అని పేరు పెట్టవద్దు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మన పోచంపల్లిలో భూమిలేనివారి కష్టం విని, ఎవరైనా ఇస్తారా అని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం నేతగాళ్ల ఊరిలో పుట్టింది. సూరత్‌లో ఉన్న నల్లగొండ బిడ్డలు ఇది గర్వంగా చెప్పుకోవచ్చు. మన దగ్గర 100 ఎకరాలు లేవు. మూడు డబ్బాల మట్టి ఉంది. దానికీ దస్వంధ్ ఉంది. సంపాదనలో పదో వంతు గురువు పేర పంచమన్నారు. పది కట్టల కూర కోస్తే ఒక కట్ట పక్క గదికి వెళ్లాలి. ఆ గదిలో ఒడియా కుర్రాడు ఉండవచ్చు, ముస్లిం అవ్వ ఉండవచ్చు. అడిగి ఇవ్వవద్దు, తలుపు తట్టి ఇవ్వండి.

ఈ వారం నుంచే

పెద్ద సంకల్పాలు వద్దు. ఒక డబ్బాకు చిల్లులు పెట్టి మెంతులు చల్లండి. పిల్లల చేత చల్లించండి. వాళ్లకు తెలుగులో పేర్లు చెప్పండి: విత్తు, మొలక, ఆకు, వేరు. తెలుగు బడికి వెళ్లే పిల్లకైనా ఆ మాటలు మట్టిలో దొరికినంత గట్టిగా పుస్తకంలో దొరకవు.

చిరిగింది పారేసేముందు కుట్టుకోవచ్చేమో చూడండి. ఏదైనా కొనేముందు ఒక రోజు ఆగండి. మరునాడు కూడా అవసరం అనిపిస్తే కొనండి. అలా ఆగినందువల్ల మిగిలిన డబ్బు ఒక డబ్బీలో వేయండి. నెల చివర అందులో పదో వంతు తీసి లంగర్‌కు గాని, కష్టంలో ఉన్న తోటి కార్మికుడి ఇంటికి గాని ఇవ్వండి. మిగతాది అప్పు కట్టండి. అప్పు తగ్గిన ప్రతి రూపాయీ మీ మెడ మీది కాడిని కొంచెం తేలిక చేస్తుంది. బరువు తగ్గిన మెడే నిటారుగా నిలబడి తన కూలి గురించి మాట్లాడగలదు.

డుమస్ వెళ్లినప్పుడు ఇంటి నుంచి స్టీలు డబ్బా, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. తిన్నాక మీ చెత్తతో పాటు పక్కన ఉన్న ఇంకో నాలుగు కప్పులు కూడా ఏరండి. పిల్లలు అడుగుతారు, "అవి మనయి కాదు కదా నాయినా?" అని. "సముద్రం మనదే కదా బిడ్డా" అని చెప్పండి. వాళ్లకు అంతకంటే పెద్ద ఉపన్యాసం అవసరం లేదు.

సంగత్‌గా చేయగలిగింది ఇంకా ఉంది. గురుద్వారా మిద్దె మీద గాని, పెరట్లో గాని లంగర్ కోసం కొత్తిమీర, పుదీనా, కరివేపాకు పెంచవచ్చు. నెలకోసారి కూర్చుని చిందీ ముక్కలతో బొంతలు కుట్టవచ్చు. ఆడా మగా అందరూ కుట్టాలి. మగ్గం తెలిసిన పెద్దాయన ఉంటే ఆయనను గౌరవంగా కూర్చోబెట్టి, పడుగు ఎలా కడతారో పిల్లలకు చెప్పమని అడగండి. మరమగ్గం వచ్చాక తన విద్య ఎవరికీ అక్కరలేదని ఆయన మనసులో ఒక ముల్లు ఉంటుంది. ఆ ముల్లు తీయడం కూడా సేవే.

గురు ప్రియులారా, గురు నానక్ దేవ్ జీ తన బాణిలో సేద్యం నుంచి ఎన్నో పోలికలు తీసుకున్నారు. నామాన్ని విత్తనంగా చూడమన్నారు. విత్తనం చిన్నది. నల్ల ఇసుక పక్కన పెట్టిన డబ్బాలో మొలిచినా, లింబాయత్ గది కిటికీలో మొలిచినా అది వెలుగు వైపే తిరుగుతుంది. మన చేయి కూడా అలా తిరగాలి: కష్టం వైపు, కర్త వైపు, పక్కవాడి వైపు.

అర్దాస్

హే అకాల్ పురఖ్! మా చేతులకు నిజాయితీ పని ఇవ్వు, ఆ పనికి తగిన కూలి ఇప్పించు. మా కోరికల అంగీని దగ్గరకు పట్టుకుని నడిచే తెలివి ఇవ్వు. మేము వేసిన విత్తనం నీ హుకుమ్‌తో మొలవనీ, మొలిచింది పంచుకునే మనసు మాకు ఉండనీ. మగ్గం దగ్గర రాత్రి షిఫ్టులో నిలబడ్డ మా తమ్ముళ్లకు, కిటికీ వెలుగులో దారాలు కత్తిరిస్తున్న మా చెల్లెళ్లకు, ఊళ్లో కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ముసలి తల్లిదండ్రులకు చడ్దీ కలా, కుంగని ధైర్యం, ప్రసాదించు. నీ నామంతో, నీ ఇష్టంతో సర్బత్ దా భలా, అందరికీ మేలు కలుగుగాక.

వాహెగురూ జీ కా ఖాల్సా! వాహెగురూ జీ కీ ఫతెహ్!